పరీక్షకా, నిజానికా? – పిల్లల సైన్సు చదువులో ‘నమూనా’ పద్ధతి



ఒక ఆదివారం పూజ ముగిసిన తర్వాత ఒక తల్లి తన కూతుర్ని వెంటబెట్టుకొని నా దగ్గరకు వచ్చింది. పదవ తరగతి సైన్సులో ఆ అమ్మాయికి దాదాపు పూర్తి మార్కులు వచ్చాయి. “మా గుంటకి అన్నీ వచ్చు ఫాదర్‌గారూ, ఏదైనా అడగండి” అంది తల్లి, సంతోషం పట్టలేక.

నేను గుడి మెట్ల పక్కనుంచి రెండు రాళ్లు తీశాను. ఒకటి పిడికిలంత, ఇంకొకటి గోలీకాయంత. “ఈ రెంటినీ ఒకే ఎత్తునుంచి ఒకేసారి వదిలితే ఏది ముందు నేలను తాకుతుందమ్మా?” అని అడిగాను. ఆ పిల్ల కాసేపు నా ముఖంలోకి చూసి, “పరీక్షకా ఫాదర్‌గారూ, నిజానికా?” అంది.

పరీక్షకైతే రెండూ ఒకేసారి పడతాయట. నిజానికైతే పెద్దరాయే ముందు పడుతుందట. వదిలి చూశాం. ఒకే చప్పుడు వినిపించింది. ఆ పిల్ల నమ్మలేదు. తానే రాళ్లు తీసుకొని మూడుసార్లు వదిలింది. మూడోసారి మాత్రం నవ్వింది.

ఆమె అడిగినది తెలివితక్కువ ప్రశ్న కాదు, నిజాయితీగల ప్రశ్న. మన పిల్లలలో చాలామంది బుర్రలో రెండు గదులు ఉన్నాయి. ఒక గదిలో పుస్తకం, రెండో గదిలో లోకం. ఆ రెంటికీ మధ్య తలుపు లేదు. ఆ తలుపు ఎలా తెరవాలన్నదే ఈ వారం మన పాఠం.

తప్పు ఎవరిది?

ముందుగా నా తప్పు చెప్పుకుంటాను. గురువిద్య మధ్యలో ఒక ఏడాది నన్ను హాస్టల్ పిల్లలకు పాఠాలు చెప్పే పనిమీద ఉంచారు. నేను నోట్సు చెప్పేవాణ్ణి, వాళ్లు రాసుకొనేవారు. ఒకనాడు ఒక కుర్రవాడు లేచి, “భూమి అంత వేగంగా తిరుగుతుంటే మనకెందుకు తెలియదండీ?” అని అడిగాడు. నాకు జవాబు సరిగా తెలియదు. “ముందు రాసుకో, అది సిలబస్‌లో లేదు” అన్నాను. ఆ తర్వాత ఏడాదంతా వాడు మరో ప్రశ్న అడగలేదు. అతని పేరు మరచిపోయానుగాని, వాడు కూర్చున్న తీరు ఇప్పటికీ గుర్తుంది.

పిల్లవాడు ఖాళీ కుండలా బడికి రాడు. నడవడం నేర్చిననాటినుంచే లోకం ఎలా నడుస్తుందో తనకు తానుగా ఒక లెక్క వేసుకొని ఉంటాడు. బరువైనది త్వరగా పడుతుందని, తోసేవాడు ఆగిపోతే బండి కూడా ఆగిపోతుందని అతని అనుభవం. తత్వశాస్త్ర తరగతులలో మేము చదివిన అరిస్టాటిల్ మహాశయుడు కూడా దాదాపు ఇలాగే చెప్పాడు. ఆయన అభిప్రాయాలను దాటి రావడానికి మానవజాతికి సుమారు రెండువేల ఏళ్లు పట్టింది. అటువంటిది, 45 నిమిషాల పీరియడులో నల్లబల్లమీద ఒక సూత్రం రాసినంతమాత్రాన ఆ పాత లెక్క చెరిగిపోతుందా? పోదు. అది పక్క గదిలోకి వెళ్లి కూర్చుంటుంది, అంతే.

అరిజోనాలో ఒక ఉపాధ్యాయుడు

ఈ విషయాన్ని పట్టుదలగా పరిశోధించినవారు అమెరికాలోని అరిజోనా రాష్ట్రంలో ఉన్నారు. అక్కడి విశ్వవిద్యాలయంలో డేవిడ్ హెస్టెనెస్ అనే భౌతికశాస్త్ర ఆచార్యుడు, ఇబ్రహీం హల్లౌన్ అనే ఆయన సహచరుడు 1985లో తమ పరిశీలనలను ప్రకటించారు. లెక్కలు వేయనక్కరలేని, మామూలు మాటలలో ఉండే ప్రశ్నలను విద్యార్థులకు ఇచ్చారు. బలం, చలనం గురించి విద్యార్థుల పాత అభిప్రాయాలు పాఠాల తర్వాత కూడా చాలావరకు అలాగే ఉన్నాయని తేలింది. 1992లో ఆ ప్రశ్నలనే మెరుగుపరచి ఒక పరీక్షగా అచ్చువేశారు. లారీ, చిన్నకారు ఎదురెదురుగా ఢీకొంటే దేనిపై ఎక్కువ బలం పడుతుంది అన్న తరహా ప్రశ్నలవి. మన జాతీయ రహదారి పక్కన పెరిగిన పిల్లలెవరైనా “కారు మీదే” అంటారు. బలం రెంటిమీదా సమానమే. కారు తేలిక కాబట్టి దాని వేగం ఒక్కసారిగా మారిపోతుంది, నలిగిపోతుంది. బలం వేరు, బలం వల్ల కలిగే ఫలితం వేరు.

మాల్కమ్ వెల్స్ అనే హైస్కూలు ఉపాధ్యాయుడు ఈ ప్రశ్నలను తన తరగతిలో ఇచ్చి చూశాడు. ఆయన మంచి ఉపాధ్యాయుడని పేరున్నవాడు, ప్రయోగాలు బాగా చేయించేవాడు. అయినా ఫలితాలు చూసి నిర్ఘాంతపోయాడు. మరొకరైతే ప్రశ్నపత్రాన్ని తప్పుపట్టేవారు. ఆయన తన బోధననే మార్చుకున్నాడు. హెస్టెనెస్ దగ్గర పరిశోధన చేసి, 1987లో డాక్టరేటు పొందాడు. ఆ ఇద్దరి కృషినుంచి వచ్చినదే ‘నమూనాల ద్వారా బోధన’.

నమూనా అంటే థర్మోకోల్ కాదు

నమూనా అనగానే మనకు సైన్సు ఫెయిర్ గుర్తుకొస్తుంది. థర్మోకోలు, రంగులు, బల్బులు, రాత్రంతా మేలుకొని తండ్రి అంటించిన అగ్నిపర్వతం! మన ఉమ్మడి రాష్ట్రంలో 2012 తర్వాత వచ్చిన సైన్సు పుస్తకాలలో ‘బొమ్మలు గీయడం, నమూనాలు తయారుచేయడం’ ఒక విద్యా ప్రమాణంగా పెట్టారు. ప్రశ్నించడం, పరికల్పన చేయడం, ప్రయోగాలు, నిజజీవిత వినియోగం కూడా అందులో ఉన్నాయి. ఉద్దేశం చక్కనిదే. కాని చాలాచోట్ల ఆ మాట చివరకు స్టేషనరీ దుకాణం బిల్లుగా మారింది.

మనం చెప్పుకుంటున్న నమూనా చేతిలో ఉండేది కాదు, ఆలోచనలో ఉండేది. ఇల్లు కట్టే మేస్త్రి కాగితంమీద గీసే ప్లాను ఇల్లు కాదు. కాని గోడ ఎక్కడ లేస్తుందో, తలుపు ఎటు తెరుచుకుంటుందో ముందే చెబుతుంది. అలాగే లోకంలోని ఒక సంగతిని తీసుకొని, అందులో ముఖ్యమైనవి ఏవో ఏరి, వాటి మధ్య సంబంధాన్ని మాటల్లో, బొమ్మలో, గ్రాఫులో, సమీకరణంలో చెప్పగలగడమే నమూనా. దానికి రెండు పరీక్షలు. ఇప్పటివరకు చూసినదాన్ని అది వివరించాలి. ఇంకా చూడనిదాన్ని ముందుగా చెప్పగలగాలి.

వెల్స్ తరగతిలో పాఠం నిర్వచనంతో మొదలయ్యేది కాదు. ఒక వస్తువు కదలికను చూపి, “ఏమేమి గమనించారు? వీటిలో ఏవి కొలవగలం? దేన్ని మారిస్తే ఏది మారుతుంది?” అని అడుగుతారు. పిల్లలు ముగ్గురు నలుగురు చొప్పున జట్లుగా చేరి, కొలిచి, ఫలితాన్ని ఒక పెద్ద తెల్లపలకమీద రాస్తారు. తర్వాత పలక పట్టుకొని తరగతి ముందు నిలబడి జవాబు చెప్పుకోవాలి. తోటిపిల్లలు ప్రశ్నిస్తారు. ఉపాధ్యాయుడు ‘తప్పు’, ‘ఒప్పు’ అని వెంటనే తీర్పు చెప్పడు. “నీకెలా తెలిసింది?” అని అడుగుతాడు. నమూనా కుదిరాక దాన్ని కొత్త సమస్యలకు వాడిచూస్తారు. ఎక్కడ విఫలమవుతుందో అక్కడ తర్వాతి నమూనా మొదలవుతుంది.

ఇంటి పాఠం: దారం, రాయి, గడియారం

ఈ పద్ధతిని మన అరుగుమీదే చేసి చూద్దాం. కావలసినవి దారం, ఒక రాయి, సెకన్లు చూపే గడియారం లేదా సెల్‌ఫోను. పసిబిడ్డ చీర ఉయ్యాల ఊగడం ప్రతి పిల్లవాడూ చూసినదే. ఉయ్యాల ఒకసారి అటు వెళ్లి ఇటు రావడానికి పట్టే సమయం దేనిమీద ఆధారపడుతుంది? పిల్లలను ముందుగా ఊహించమనండి. “బరువుమీద” అంటారు చాలామంది. “ఎంత గట్టిగా ఊపితే అంత” అంటారు కొందరు. రాసి పెట్టుకోమనండి.

ఇప్పుడు దారానికి రాయి కట్టి, మేకుకు వేలాడదీసి, కొద్దిగా పక్కకు లాగి వదలండి. పది ఊపులకు పట్టే సమయం చూడండి. రాయి మార్చండి, బరువైనది కట్టండి. పొడవు మేకునుంచి రాయి మధ్యభాగం వరకు అంతే ఉంటే సమయం మారదు. పిల్లలకు ఇదే మొదటి ఆశ్చర్యం. ఇక పొడవు మార్చండి. 25 సెంటీమీటర్ల దారానికి పది ఊపులకు సుమారు 10 సెకన్లు, 50 సెంటీమీటర్లకు సుమారు 14 సెకన్లు, 100 సెంటీమీటర్లకు సుమారు 20 సెకన్లు వస్తాయి.

ఇక్కడ ఆగి ఆలోచించనివ్వండి. పొడవు రెట్టింపైతే సమయం రెట్టింపు కాలేదు. సమయం రెట్టింపు కావాలంటే పొడవు నాలుగు రెట్లు కావాలి. అలాగైతే సమయం మూడురెట్లు కావాలంటే? కాసేపటికి ఎవరో ఒకరు “తొమ్మిది రెట్లు” అంటారు. అంటే 225 సెంటీమీటర్ల దారానికి పది ఊపులకు 30 సెకన్లు పట్టాలి. ఇది ఇంకా ఎవరూ చూడని సంగతి. నమూనా ముందుగా చెప్పింది, అంతే. మామిడికొమ్మకు రెండుంపావు మీటర్ల దారం కట్టి చూడండి. లెక్క సరిపోయిన ఆ నిమిషాన ఆ పిల్లల ముఖాలు చూడాలి! ఆ సూత్రం ఇక పుస్తకానిది కాదు, వాళ్లది.

చివరగా హద్దు చూపండి. రాయిని బాగా పక్కకు లాగి వదిలితే సమయం కొంచెం పెరుగుతుంది. రాయి బదులు దూదివుండ కడితే గాలి అడ్డుపడి త్వరగా ఆగిపోతుంది. నమూనా అబద్ధం కాలేదు, దాని సరిహద్దు తెలిసింది.

అరసవల్లి కిరణాలు

మనకు ఇరవై కిలోమీటర్ల పైచిలుకు దూరంలో, శ్రీకాకుళం పట్టణాన్ని ఆనుకొని, మన హిందూ సోదరులు భక్తితో దర్శించే అరసవల్లి సూర్యదేవాలయం ఉంది. ఏటా మార్చి 9, 10 తేదీలలోను, అక్టోబరు 1, 2 తేదీలలోను ఉదయకిరణాలు ద్వారాలగుండా లోపలికి వచ్చి మూలవిరాట్టు పాదాలను తాకుతాయి. అది చూడడానికి వేలాదిమంది వస్తారు. ఆ కట్టడాన్ని లెక్కగట్టి నిలబెట్టిన శిల్పుల పరిశీలనాశక్తికి మనమందరం గర్వించవచ్చు. వారి విజ్ఞానాన్ని మన పిల్లలు అందుకోవాలంటే ఒక ప్రశ్న వేయాలి. ఏడాదికి రెండుసార్లే ఎందుకు? ఆ తేదీలలోనే ఎందుకు?

ఒక బత్తాయిపండుకు పుల్ల గుచ్చి, కొంచెం వంచి పట్టుకొని, బల్లమీది దీపం చుట్టూ తిప్పండి. పుల్ల పైకొన ఎప్పుడూ ఒకే గోడవైపు చూస్తుండాలి. భూమి అక్షం ఇలాగే సుమారు 23½ డిగ్రీలు వంగి ఉంది. అందుచేత సూర్యుడు ఉదయించే చోటు జూన్ 21 ప్రాంతంలో ఉత్తరపు అంచుకు, డిసెంబరు 21 ప్రాంతంలో దక్షిణపు అంచుకు చేరుతుంది. మధ్యలోని ఏ దిక్కునైనా సూర్యుడు ఏడాదికి రెండుసార్లు దాటుతాడు, వెళ్లేటప్పుడు ఒకసారి, వచ్చేటప్పుడు ఒకసారి. కాబట్టి ఒకే దిక్కుకు తెరచిన ద్వారంలోకి ఆ కిరణాలు రెండు తడవలే రావాలి.

ఇక రెండో పరీక్ష. నమూనా సరైనదైతే ఆ రెండు తేదీలూ డిసెంబరు 21కి ఇటూ అటూ దాదాపు సమాన దూరంలో ఉండాలి. లెక్కపెట్టండి. అక్టోబరు 2నుంచి డిసెంబరు 21 వరకు 80 రోజులు. అక్కడినుంచి మార్చి 10 వరకు 79 రోజులు! ఎనిమిదో తరగతి పిల్లవాడు క్యాలెండరు ముందు నిలబడి ఈ లెక్క తానే తేల్చినప్పుడు, తాను పుట్టిన జిల్లాయే అతనికి ప్రయోగశాల అవుతుంది.

ఇదే బత్తాయి మరో పాత అపోహను కూడా తీరుస్తుంది. ఎండాకాలంలో భూమి సూర్యుడికి దగ్గరగా వస్తుందని చాలామంది పెద్దలు కూడా అనుకుంటారు. నిజానికి భూమి సూర్యుడికి అతి దగ్గరగా ఉండేది జనవరి మొదటివారంలో, మనం తెల్లవారుజామున దుప్పటి వదలని రోజులలో. ఋతువులకు కారణం దూరం కాదు, అక్షం వంపు.

నమూనాను నమ్మడం, నమ్మకపోవడం

తత్వశాస్త్రం చదివినవానిగా ఒక మాట. 13వ శతాబ్దంలో పునీత తోమా అక్వినాసువారు గ్రహాల కదలికల గురించి రాస్తూ ఒక సూక్ష్మమైన సంగతి గుర్తించారు. ఒక వివరణ కంటికి కనిపించే వాటితో సరిపోయినంతమాత్రాన అదే తుది రుజువు కాదని, వేరొక వివరణ కూడా సరిపోవచ్చునని ఆయన చెప్పారు. నమూనా పద్ధతిలో చదివిన పిల్లవాడికి ఈ వినయం అలవాటవుతుంది. “పుస్తకంలో ఉంది కాబట్టి నిజం” అనడు. “రేపు మారవచ్చు కాబట్టి అంతా అబద్ధం” అని కూడా అనడు. “ఇంతవరకు సరిపోయింది, ఈ హద్దులో పనిచేస్తుంది” అంటాడు.

ఇది పండితుల చర్చ మాత్రమే అనుకోకండి. మన జిల్లాలో ఇది ప్రాణాల సంగతి. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. గాలి గంటకు 140నుంచి 150 కిలోమీటర్ల వేగంతో వీచింది. కొబ్బరి, జీడితోటలు ఏ గతిపట్టాయో మనకు తెలుసు. తుపాను ఎటు వస్తుందో వాతావరణ శాఖవారు చెప్పేది కూడా నమూనాల ఆధారంగానే. గాలి, పీడనం, సముద్రపు వేడి కొలతలను లెక్కలో పెట్టి, కొత్త కొలతలు వచ్చినకొద్దీ సవరిస్తారు. అందుకే పటంమీద తుపాను దారిని ఒక గీతగా కాక, పోనుపోను వెడల్పయ్యే చాటలా చూపిస్తారు. ఇది అర్థమైన ఇంటివారు హెచ్చరిక వినగానే పిల్లాజెల్లాతో సురక్షిత కేంద్రానికి వెళతారు. తుపాను పక్కకు తప్పుకుంటే దేవునికి కృతజ్ఞతలు చెప్పుకొని తిరిగి వస్తారు. అర్థం కానివారు “పోయినసారి రాలేదు కదా, వీళ్లవన్నీ ఉత్తమాటలు” అని ఇంట్లోనే ఉండిపోతారు. హైస్కూలు సైన్సు పాఠం విలువ మార్కులలో కంటే అటువంటి రాత్రిలో తెలుస్తుంది.

కొన్ని అభ్యంతరాలు

“మార్కులు తగ్గిపోవా?” అని తల్లిదండ్రులు అడుగుతారు. 1998లో రిచర్డ్ హేక్ అనే అమెరికా ఆచార్యుడు 62 తరగతులలోని 6,542 మంది విద్యార్థుల ఫలితాలను పోల్చి చూశాడు. విని రాసుకొనే తరగతులలోని పిల్లలు, కోర్సు మొదట్లో తమకు తెలియనిదానిలో సగటున 23 శాతం మాత్రమే నేర్చుకున్నారు. చేసి, చర్చించి నేర్చుకొనే తరగతులలో అది 48 శాతం. ఇవన్నీ నమూనా తరగతులే కావు, పలు పద్ధతులవి. అయినా దారి ఏదో స్పష్టమే.

“అది అమెరికా ఫాదర్‌గారూ, మనకు ఎక్కడ కుదురుతుంది?” అంటారు ఇంకొందరు. మధ్యప్రదేశ్‌లోని హోషంగాబాద్ జిల్లాలో 1972లోనే 16 బడులలో, పల్లెటూరి పిల్లలతో, చవక సామగ్రితో, ప్రయోగం చేసి నేర్చుకొనే సైన్సు మొదలైంది. 1978లో జిల్లాలోని మాధ్యమిక పాఠశాలలన్నిటికీ విస్తరించింది. మూడు దశాబ్దాలు నడిచాక 2002లో ప్రభుత్వం దాన్ని ఆపివేసింది. ఆగిపోయిందిగాని, పల్లెలో కుదరదన్న మాటను మాత్రం అబద్ధం చేసి వెళ్లింది. మన రాష్ట్రంలో కుప్పం ప్రాంతంలో అగస్త్య ఫౌండేషన్‌వారు 1999నుంచి పిల్లల చేతికే ప్రయోగాలు అందించే పని చేస్తున్నారు.

“తరగతిలో యాభైమంది పిల్లలుంటే?” ఇది ఉపాధ్యాయుల ప్రశ్న, న్యాయమైనదే. నాలుగేసిమంది చొప్పున జట్లు చేస్తే పన్నెండు పదమూడు పలకలు చాలు. తెల్లపలక లేకపోతే సిమెంటు నేల, సుద్దముక్క ఉన్నాయి. అన్ని పాఠాలూ ఇలా చెప్పనక్కరలేదు. టెర్ముకు రెండు పాఠాలతో మొదలుపెట్టవచ్చు. కాని ఒక మాట. పిల్లలను వదిలేసి కూర్చోవడం ఈ పద్ధతి కాదు. ఎప్పుడు ఏ ప్రశ్న వేయాలో తెలిసిన ఉపాధ్యాయుడు కావాలి. అరిజోనాలో కూడా ఉపాధ్యాయులు వేసవి సెలవులలో వారాల తరబడి, తామే విద్యార్థులుగా కూర్చొని ఇది నేర్చుకున్నారు. మన విచారణలలోని ఉపాధ్యాయులు నెలకొక శనివారం కలిసి కూర్చుంటే, గుడి పక్కన ఉన్న హాలు తాళం నేను తీసిస్తాను.

తల్లిదండ్రులకు

“మేము చదువుకోలేదు కదా, మేమేం చేయగలం?” అని చిన్నబోకండి. జవాబులు తెలియకపోవడమే ఇక్కడ మీ బలం. పిల్లలు పాఠం అప్పజెప్పేటప్పుడు ఈ మూడు ప్రశ్నలు అడగండి.

1. ఇది నీకు ఎలా తెలిసింది? చూశావా, కొలిచావా, విన్నావా?

2. ఇంకోలా జరిగే వీలుందా? ఎప్పుడు?

3. నువ్వు చెప్పినదే నిజమైతే రేపు మనకు ఏమి కనబడాలి?

ఈ నెలంతా ప్రతి ఆదివారం ఒక పని చేయించండి. తెల్లవారగానే డాబా మీద ఒకేచోట నిలబడి, సూర్యుడు ఏ చెట్టు పక్కనుంచి, ఏ ఇంటి మూలనుంచి ఉదయించాడో గోడమీద సుద్దముక్కతో గుర్తుపెట్టమనండి. సూర్యుడు కాస్త పైకి వచ్చాక అటే చూస్తూ ఉండవద్దని చెప్పండి, కళ్లకు ప్రమాదం. నాలుగు వారాలు గడిచాక అయిదో గుర్తు ఎక్కడ పడుతుందో ముందే చెప్పమనండి.

ఆ అమ్మాయి ఇప్పుడు ఇంటర్మీడియెట్ చదువుతోంది. మొన్న తన తమ్ముణ్ణి గుడి మెట్లమీద కూర్చోబెట్టి, చేతిలో రెండు రాళ్లు పట్టుకొని ఏదో అడుగుతుంటే దూరంనుంచి చూశాను. వాడు జవాబు చెప్పబోయాడు. “ఆగు, చెప్పకు. ముందు వదిలి చూడు” అంది.